అమ్మ తల తూకం

బజారులో అతన్ని అందరూ కాటా మేస్త్రి అంటారు. కూరగాయల కొట్లోగానీ, మాంసం దుకాణంలోగానీ, పాత ఇనుము కొనేచోటగానీ తూకం యంత్రం మొండికేసిందంటే కబురు అతనికే వెళ్తుంది. అతను వచ్చి, యంత్రాన్ని ముట్టుకోకముందే దాని కింద బల్ల ఊగుతోందేమో చూసుకుంటాడు. తర్వాత సంచీలోంచి తూకం రాళ్ళు తీసి ఒక్కొక్కటే పెట్టి, అంకె దారికొచ్చేదాకా వదలడు. ఇలా ఊరందరి బరువులూ సరిచేసే మనిషికి సొంత కూతురి బరువు రోజురోజుకీ చేతుల్లోంచి జారిపోతుంటే ఎలా ఉంటుంది? శనివారం సాయంత్రం భోజనాల బల్ల దగ్గర అతని మొహం చూసుంటే మీకు చెప్పాల్సిన పని ఉండేది కాదు.

బల్లకి అవతల గవ్వ కూర్చుంది. ఏడేళ్ళ పిల్ల. అసలు పేరు బళ్ళో పిలవడానికి పనికొస్తుంది, ఇంట్లో మాత్రం గవ్వే. చిన్న చప్పుడైనా రెండు చేతులూ చెవులకి అడ్డం పెట్టుకుని ముడుచుకుపోతుందని నాయనమ్మ పెట్టిన ముద్దుపేరది. పిల్లకి ఆటిజం అని డాక్టర్లు తేల్చాక, ఆ పేరు పెట్టబట్టే ఇలా అయిందన్నట్టు ఆవిడ కొన్నాళ్ళు కుమిలిపోయింది. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

గవ్వ ముందు గళ్ళ ప్లేటు ఉంది. ఒక గడిలో అంచులు కోసేసిన బ్రెడ్డు, ఇంకో గడిలో ఉడకబెట్టిన బంగాళాదుంప ముక్కలు, మూడోదాంట్లో ఉప్పు బిస్కెట్లు. ఒకదానికొకటి తగలకూడదు. తగిలాయంటే మూడూ చెడిపోయినట్టే. ఈ మూడూ, ఒక అరటిపండూ, నీలం కప్పులో పాలూ: ఆ పిల్ల లోకంలో తిండి అంటే ఇంతే. అంతమాత్రానికే ఇంటిల్లిపాదీ పండగ చేసుకునేవాళ్ళు. ఇప్పుడు అదీ లేదు. బిస్కెట్లు మానేసింది, తర్వాత బ్రెడ్డు, తర్వాత బంగాళాదుంప, అరటిపండు. ఎందుకు మానేసిందో ఎవరికీ అంతుపట్టలేదు.

"తల తినకు" అంది గవ్వ, ప్లేటు వైపు చూడకుండా.

నిజానికి ఆ పిల్లని తినమని ఎవరూ అనలేదు. ఆ మాటే బల్ల దగ్గర నిషేధం. వారానికి రెండుసార్లు వెళ్ళే కేంద్రంలో థెరపీ మేడం పెట్టిన నియమం అది. బలవంతం చెయ్యకూడదు, బతిమాలకూడదు, ఒకదాంట్లో ఒకటి కలిపి మోసం చెయ్యకూడదు. మీరు తింటూ ఉండండి, అది చూస్తూ ఉంటుంది, ఇవాళ చూస్తుంది, రేపు ముట్టుకుంటుంది, ఎల్లుండి వాసన చూస్తుంది అని చెప్పింది. చెప్పినట్టే జరిగింది కూడా. ఒకరోజు గవ్వ క్యారెట్టు ముక్కని నాలుకతో తాకి చూసి కింద పెట్టింది. తాకిందంతే, తినలేదు. దానికే కాటా మేస్త్రి ఆ సాయంత్రం ఇంటి కిందున్న తన కొట్టు తొందరగా కట్టేసి పైకొచ్చాడు. అలాంటిది, గెలిచామనుకున్న చోటే అంతా తలకిందులైంది.

"చూశారా, మళ్ళీ అదే మాట" అంది తల్లి మెల్లగా. "వద్దులెండి, ప్లేటు తీసేద్దాం. మనం చూస్తూ కూర్చుంటే దానికి ఇంకా చిరాకు."

"ఇంకాసేపు ఉండనీ."

"ఉంచితే మాత్రం?"

అవును, ఉంచితే మాత్రం ఏముంది? శుక్రవారం డాక్టరు పిల్లని తూచి, చేతులు నొక్కి చూసి, నింపాదిగా చెప్పేశాడు. సోమవారం పొద్దున్నే తీసుకురండి, అప్పటికీ ఏమీ తినకపోతే చేర్చుకుని ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేద్దాం అన్నాడు. ఆయన తప్పేమీ లేదు, ఆయన భయం ఆయనది. కానీ గవ్వ జడకి రబ్బరుబ్యాండు కూడా పెట్టనివ్వదు. చొక్కా మెడ దగ్గర కుట్టిన గుడ్డముక్క గీసుకుంటోందని చొక్కాలన్నీ కత్తిరించుకోవాల్సి వచ్చింది. ఒకసారి రక్తపరీక్షకి నలుగురు పట్టుకున్నారు. ఆ తర్వాత చాలాకాలం తెల్లచొక్కా వేసుకున్న మనిషి ఎదురుపడితే చాలు, నేలమీద పడిపోయేది. గొట్టం వేస్తే పిల్ల ప్రాణానికి ఢోకా ఉండదు, నిజమే. కానీ ఆ తర్వాత తన మొహం దగ్గరికి ఎవరి చెయ్యి వచ్చినా నమ్ముతుందా? తండ్రి గుండెల్లో రాయి పడింది అక్కడే. ఆదివారం ఒక్కటే మిగిలింది.

"తల తినకు" అని మళ్ళీ అని, గవ్వ కుర్చీ దిగింది.

గవ్వ మాట్లాడే తీరు ఒకటి మీకు చెప్పాలి. సొంతంగా మాట కూర్చడం ఆ పిల్లకి కష్టం. ఎక్కడో విన్న వాక్యాన్ని భద్రంగా దాచుకుని, అవసరమైనప్పుడు బయటికి తీస్తుంది. ఇంటికి పోదామనాలంటే, తండ్రి కొట్టు కట్టేటప్పుడు అనేమాట, "షట్టర్ దించేయ్" అంటుంది. బ్రెడ్డుకి బంగాళాదుంప తగిలితే "రాంగ్ నంబర్". సంతోషమొస్తే "సున్నా", ఎందుకంటే కొట్లో యంత్రం మీద అంకెలన్నీ సర్దుకుని సున్నాకి రావడం ఆ పిల్లకి మహా ఇష్టం. తూకం రాయి అరువు తీసుకెళ్ళినవాళ్ళు తెచ్చి ఇస్తూ "వాపసు" అంటారు కదా, చేతిలోది తిరిగి ఇచ్చేటప్పుడు గవ్వ కూడా అంతే. ఇక తల్లి ఉద్యోగం ఒక బ్యాంకు ఫోన్ల విభాగంలో. ఖాతాదారుల ఫిర్యాదులు వినడం ఆమె పని. ఇంట్లో సెలవురోజు కూడా ఒక్కోసారి ఫోను పట్టుకుని "దయచేసి లైన్లో ఉండండి" అంటూనే ఉంటుంది. అది గవ్వ నోట్లో పడి "పోవద్దు, ఉండు" అన్న అర్థానికి స్థిరపడింది. ఈ నిఘంటువు అమ్మానాన్నలకి కంఠతా వచ్చు.

అందుకే "తల తినకు" అని మొదటిసారి అన్నప్పుడు ఎవరూ కంగారు పడలేదు. పైగా మురిసిపోయారు. నన్ను విసిగించకండి అంటోంది పిల్ల! ఎంత చక్కగా వాడింది! మేడం అయితే ఏకంగా చప్పట్లు కొట్టింది. "నుడికారం పట్టుకుందండీ! మీరు ఇంట్లో ఒత్తిడి చేస్తున్నట్టున్నారు. తగ్గించండి" అంది. తగ్గించారు. చెంచా చప్పుడు కూడా కాకుండా తినడం నేర్చుకున్నారు. ఎంత తగ్గిస్తే గవ్వ అంతగా తిండి తగ్గించింది.

ఆ శనివారం బల్ల దగ్గర్నుంచి లేచాక తల్లి తలనొప్పితో పడుకుని, నుదుటికి బిగించి గుడ్డ కట్టుకుంది. గవ్వ మంచమెక్కి, తల్లి తలని రెండు చేతులతో తడమడం మొదలుపెట్టింది. నుదురు, కణతలు, చెవులు, వెనక పిడికెడు జుట్టు, మళ్ళీ నుదురు. కొన్ని వారాలుగా రోజూ ఇదే తంతు.

"ఒక్క ఈ చేతులే నాకు మందు" అంది తల్లి కళ్ళు మూసుకుని.

గుమ్మంలో నిలబడి చూస్తున్న కాటా మేస్త్రికి ఆ దృశ్యం ముద్దుగానే ఉంది. ఒక్కటే అర్థం కాలేదు. ముద్దు చేసే చేతులు అలా వణకవు.

*

ఆదివారం పొద్దున్నే నాయనమ్మ తలగడ దులుపుతూ కేకేసింది.

"ఏరా, ఇలా రా! చూడు, మీ ఆవిడ తలగడ కింద చీమలు బారులు తీరాయి. బిస్కెట్టు పొడి, బ్రెడ్డు ముక్కలూ! నేనెప్పుడో చెప్పానా? దానికి తిండి అక్కర్లేక కాదు, మనల్ని ఏడిపించడానికి పట్టుకెళ్ళి దాస్తోంది!"

"ఏడిపించడం దానికి తెలీదమ్మా."

"నీకు తెలీదు. ఆకలేస్తే అదే తింటుంది, రెండు పూటలు ఏమీ పెట్టకుండా చూడండి అంటే నా మాట ఎవరు వింటారు?"

"మామూలు పిల్లలకి సరే. ఇలాంటి పిల్లలకి అది పనిచెయ్యదు. ఆకలితో పడిపోతారు గానీ తినరు. మేడం చెప్పింది, డాక్టరూ చెప్పాడు."

"అందరూ చెప్పేవాళ్ళే. పెట్టేవాళ్ళు ఎవరూ లేరు" అని గొణుక్కుంటూ ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పెట్టడం ఆవిడ ఇదివరకే ఒకసారి ప్రయత్నించింది. ఈ వారంలోనే, ఎవరికీ చెప్పకుండా అరటిపండు మెత్తగా చిదిమి నీలం కప్పు పాలలో కలిపింది. మిగతావన్నీ మానేసినా పాలు మాత్రం గవ్వ మానలేదు, దాంతోనే నిలబడింది. ఒక్క గుక్క తాగి, కప్పులోకి చూసి, "రాంగ్ నంబర్" అని నేలకేసి కొట్టింది. ఆ రోజునుంచి పాలు కూడా ఎదుట పోసిస్తేనే, అవీ నాలుగు గుక్కలే. డాక్టరు సోమవారం గడువు పెట్టింది అందుకే. ముసలావిడ చెడ్డది కాదు. మనవరాలి జబ్బలు పుల్లల్లా అవుతుంటే చేతులు ముడుచుకుని కూర్చోలేకపోయింది. ప్రేమ ఉన్నవాళ్ళే ఇలాంటి పనులు చేస్తారు, అదే వచ్చిన చిక్కు.

మధ్యాహ్నం బల్ల దగ్గర మళ్ళీ నలుగురూ కూర్చున్నారు. మళ్ళీ అదే ప్లేటు, అదే నిశ్శబ్దం. ఫ్యాన్ కూడా ఆపేశారు. గవ్వ పెదాలు తడి లేక చిట్లి ఉన్నాయి. బిస్కెట్టు వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపు తండ్రి పట్టుకున్నాడు. అయిష్టంతో చూసే చూపు కాదది. కొట్టు అద్దం బయట నిలబడి లోపలి బొమ్మని చూసే పిల్లల చూపు. చెయ్యి కూడా కొంచెం ముందుకొచ్చింది. గవ్వ తల్లి వైపు చూసి, చెయ్యి వెనక్కి లాక్కుంది.

"తల తినకు."

అంతే, నాయనమ్మ ఓపిక తెగిపోయింది. "ఇంక నావల్ల కాదు. రేపు గొట్టాలు తోయించేకంటే ఇవాళ నేనే పెడతాను" అని లేచి, ఎడమచేత్తో పిల్ల గడ్డం పట్టుకుని, కుడిచేత్తో అరటిపండు ముక్క పెదాల మధ్యకి తోసింది.

గవ్వ అరుపుకి పక్కింటి కిటికీలు తెరుచుకున్నాయి. కుర్చీ వెనక్కి పడింది, ప్లేటు ఎగిరిపోయింది. గోడదాకా పాక్కుంటూ పోయి తల గోడకేసి కొట్టుకోవడం మొదలుపెట్టింది. తండ్రి ఒక్క దూకులో వెళ్ళి గోడకీ తలకీ మధ్య తన అరచెయ్యి పెట్టాడు. దెబ్బలన్నీ ఆ చేతి మీదే పడ్డాయి.

"ఎవరు ముట్టుకోమన్నారు మిమ్మల్ని?" తల్లి అత్తగారికి అడ్డం నిలబడింది. "చెప్పండత్తయ్యా, ఎవరు ముట్టుకోమన్నారు? రేపు ఆసుపత్రిలో ఎలాగూ పట్టుకుంటారు, ఈ ఒక్కరోజైనా దాన్ని వదిలెయ్యలేకపోయారా?"

"నేనేమన్నా దాని పగదాన్నా అమ్మాయ్?"

"మీరిద్దరూ ఆపండి!" అన్నాడు అతను. గట్టిగా అనలేడు, అంటే గవ్వ ఇంకా బెదురుతుంది. గుసగుసలోనే అరిచాడు.

నాయనమ్మ వెనక వరండా గుమ్మంలో కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. తల్లి పడగ్గదిలోకి పోయి, తలకి గుడ్డ బిగించి కట్టి, గోడవైపు తిరిగి పడుకుంది. గవ్వ కొట్టుకోవడం ఆపి, నేలమీద చెదిరినవాటిని చూస్తూ ఉండిపోయింది. అతను కమిలిన చేతిని నీళ్ళ కింద పెట్టుకుందామని వంటింట్లోకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి పిల్ల లేదు. నేలమీద బ్రెడ్డు ముక్కలూ లేవు.

మెట్ల తలుపు చూశాడు, వేసే ఉంది. పడగ్గది గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

తల్లి ఏడ్చి ఏడ్చి మాగన్నుగా పడుకుని ఉంది. గవ్వ మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, బ్రెడ్డుని చిన్న ముక్కలుగా తుంపుతోంది. ఒక్కో ముక్కా తీసి తల్లి జుట్టులో, కట్టుగుడ్డ అంచు వెంట, జాగ్రత్తగా పెడుతోంది. రాలిపోయినదాన్ని మళ్ళీ తీసి పెడుతోంది.

"వాపసు" అంటోంది ఒక్కో ముక్కకీ. "వాపసు. తల తినకు. వాపసు."

అక్కడే గడప మీద చతికిలపడ్డాడు.

కళ్ళముందు ఒక సాయంత్రం కదిలింది. క్యారెట్టు నాకిన మర్నాడో ఆ మర్నాడో. తల్లి ఉద్యోగం నుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూలబడి, కణతలు నొక్కుకుంటూ అంది: "పొద్దున్నుంచీ నా తల తినేశారండీ వెధవలు." అప్పుడు గవ్వ చేతిలో ఉప్పు బిస్కెట్టు ఉంది. బిస్కెట్టు కొరుకుతూ "దయచేసి లైన్లో ఉండండి" అని అదే పనిగా అంటోంది. ఎన్నిసార్లని వింటుంది ఆవిడైనా? "అమ్మా తల్లీ, వాళ్ళు తిన్నది చాలదా, నువ్వు కూడా నా తల తినకు" అని, పోయి తలకి గుడ్డ కట్టుకుని పడుకుంది. కొరికిన బిస్కెట్టుని గవ్వ మెల్లగా కింద పెట్టేసింది. అది అతను చూశాడు. చూసి, కడుపు నిండిందనుకున్నాడు.

అసలు మన భాష తినని వస్తువేదైనా ఉందా చెప్పండి! తల తింటాం, బుర్ర తింటాం, తిట్లు తింటాం, దెబ్బలు తింటాం, లంచాలు తింటాం, పక్కవాడి ప్రాణం తోడుకు తింటాం. పుట్టినప్పటినుంచీ ఇన్ని తిని అరాయించుకున్నవాళ్ళం కాబట్టి మనకి ఎక్కడా గొంతుకి అడ్డం పడదు. ఏడేళ్ళ పిల్ల, మాటంటే మాటే అనుకునే పిల్ల, తను బిస్కెట్టు కొరికిన ప్రతిసారీ అమ్మ తల కొంచెం కొంచెం తగ్గిపోతోందని లెక్క కట్టుకుంది. లేకపోతే ఆ తలకి కట్టు ఎందుకుంటుంది? అందుకే తినడం మానేసింది. పాలు మాత్రం మానలేదు. పాలు తాగుతాం గదా, తినం కదా! తిన్నదంతా తిరిగి ఇచ్చేద్దామని రోజూ తలగడ దగ్గర పెట్టి వస్తోంది. తల ఎంత మిగిలిందో రోజూ తడిమి చూసుకుంటోంది.

పిల్ల చెప్పలేదని కాదు. పూటపూటా చెబుతూనే ఉంది. వీళ్ళకి భాష వచ్చు కాబట్టి అర్థం కాలేదు.

*

థెరపీ మేడంకి ఫోన్ చేసి, చూసిందంతా చెప్పాడు.

"మేడం, ఉన్నారా?"

"ఉన్నానండీ. నేను చప్పట్లు కొట్టాను" అంది ఆవిడ. "ఇంకెవరైనా, మన భాష రానివాళ్ళయితే ముందే పట్టుకునేవాళ్ళేమో. సరే, ఇప్పుడు... మీరు కూర్చోబెట్టి, అమ్మ తలని ఎవరూ తినలేదు, అది ఉత్తిమాట అని చెబితే నమ్ముతుందనుకోను. చూస్తేనే నమ్ముతుంది. ఏదైనా చూపించాలి."

"ఏం చూపించాలి?"

"అది మీకే తెలియాలి, పాప వేటిని నమ్ముతుందో. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. చిన్న అబద్ధం కూడా వద్దు. పాలలో అరటిపండు చూశారుగా. ఇంకోసారి దొరికిపోయామంటే మళ్ళీ తిరిగి రావడం చాలా కష్టం."

గవ్వ వేటిని నమ్ముతుంది? ఫోను పెట్టేసిన మరుక్షణం అతనికి తెలిసిపోయింది. కింద కొట్లోకి దిగి షట్టర్ ఎత్తాడు. బల్లమీద పెట్టుకునే యంత్రాల్లో మంచిదొకటి, వెడల్పు స్టీలు పళ్ళెమున్నది, చంకన పెట్టుకుని మెట్లెక్కాడు.

"నా తల తూస్తారా?" అంది భార్య. విషయమంతా విన్న తర్వాత కూడా ఆమె తేరుకోలేదు. జుట్టులోంచి బ్రెడ్డు ముక్క తీసి అరచేతిలో పెట్టుకుని దానివైపే చూస్తోంది. "నేనన్నానా ఆ మాట? దానితో?"

"అందరం అన్నాం. మా అమ్మ నాతో రోజుకి పదిసార్లంటుంది. ఇప్పుడది కాదు, రా."

"పిచ్చి ముదిరిందిరా నీకు" అంది నాయనమ్మ, కానీ బల్ల తుడిచిపెట్టింది ఆవిడే.

యంత్రం పెట్టేముందు అతను బల్ల ఊపి చూశాడు. ఒక కాలు పొట్టి. అట్టముక్క మడిచి దాని కింద దోపాడు. మీట నొక్కగానే ఎర్రంకెలు కాసేపు గెంతి, సర్దుకున్నాయి.

"సున్నా" అంది గోడ పక్కనుంచి గవ్వ. తల ఎత్తింది. మెల్లగా వచ్చి, ఎప్పుడూ కొట్లో నిలబడేచోటే, అంకెలకి ఎదురుగా నిలబడింది.

తల్లి కుర్చీలో కూర్చుని, తలకట్టు విప్పేసి, వంగి చెంపని స్టీలు పళ్ళెంలో ఆనించింది. అంకెలు పరుగులు పెట్టాయి. ఊపిరికి అటూ ఇటూ ఊగాయి. ఆగాయి.

"నాలుగు, చుక్క, మూడు, రెండు, సున్నా" అని చదివింది గవ్వ.

"అమ్మ తల" అన్నాడు తండ్రి. ప్లేటు తెచ్చి పిల్ల పక్కన పెట్టాడు. కొత్త బిస్కెట్లు, ఒకదానికొకటి తగలకుండా. "ఇవి బిస్కెట్లు. బిస్కెట్టు తింటే బిస్కెట్టు తగ్గుతుంది. అమ్మ తల తగ్గదు. నువ్వే చూడు."

అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. చెప్పాలని ప్రాణం కొట్టుకుంటున్నా చెప్పలేదు.

గవ్వ అంకెల వైపు చూసింది. బిస్కెట్టు వైపు చూసింది. వీధిలో ఏదో బండి హారన్ కొడితే చెవులు మూసుకుంది. అంతా పోయిందనుకున్నాడు. చేతులు దించింది. బిస్కెట్టు తీసి వాసన చూసింది. పెట్టేసింది. మళ్ళీ తీసింది. కళ్ళు అంకెల మీదే ఉంచి, ఎలక కొరికినట్టు మూలన కొంచెం కొరికింది.

కరకర.

ఆ చప్పుడు విని ఎన్నాళ్ళయిందో! తల్లి ఉండబట్టలేకపోయింది. చూద్దామని మెడ కొంచెం లేపింది, వెంట్రుకవాసి. యంత్రానికి వెంట్రుకవాసి చాలు.

"నాలుగు, చుక్క, ఒకటి..."

గవ్వ నోరు ఆగిపోయింది. నోట్లోది మింగలేదు, ఉమ్మలేదు. కళ్ళు పెద్దవయ్యాయి. బిస్కెట్టు పట్టుకున్న చెయ్యి బల్ల వైపు దిగడం మొదలుపెట్టింది.

యంత్రం పక్కన హోల్డ్ మీట ఉంది. నొక్కితే పాత అంకె వచ్చి అలాగే బిగుసుకుపోతుంది. అతని బొటనవేలు దానిమీదకి వెళ్ళిపోయింది, అతన్ని అడగకుండానే. ఇన్నేళ్ళలో ఎంతమంది కొట్లవాళ్ళు బతిమాలారు, ఒక్క మీట సర్దిపెట్టు మేస్త్రీ అని! ఒక్కడికీ సర్దలేదు. ఇప్పుడు తన కూతురి కోసం, ఒక్కసారి, ఒక్క అంకె. రేపటి గొట్టం తప్పిపోతుంది. ఎవరికి నష్టం?

కానీ హోల్డ్ నొక్కితే మూలన చిన్న పచ్చదీపం వెలుగుతుంది. ఆ దీపం గవ్వకి తెలుసు. కొట్లో అది వెలిగినప్పుడల్లా "రాంగ్ నంబర్" అనేది గవ్వే. అతను వేలు తీసేశాడు. గొప్ప నిజాయితీ ఏమీ కాదు, భయపడ్డాడు. ఆ కళ్ళముందు దొంగతూకం వెయ్యడానికి భయపడ్డాడు.

"తల వదిలెయ్" అన్నాడు భార్యతో, పెదాలు కదిలీ కదలకుండా.

"వదిలానండీ."

"లేదు. మెడ బిగబట్టావ్. బరువంతా దానిమీద పెట్టెయ్."

"రావట్లేదు." ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. "ఎంత వదులుదామన్నా రావట్లేదండీ."

ఎలా వస్తుంది? ఎన్ని నెలలుగా ఆ మెడ బిగబట్టుకుని తిరుగుతోందో! ఫోన్ల దగ్గర, బస్సులో, బల్ల దగ్గర, డాక్టరు ముందు. పడుకున్నా తల తలగడకి పూర్తిగా అప్పగించి ఎరగదు. అతను కమిలిన చెయ్యి తీసుకెళ్ళి ఆమె వీపు మీద పెట్టాడు. తల మీద కాదు, తూకం చెడుతుంది.

"ఏం పర్లేదు. రేపు ఏమైనా సరే, ఇద్దరం ఉంటాం. వదిలెయ్."

ఆమెకి ఏడుపొచ్చింది. పెద్దగా కాదు, లోపల ఎక్కడో బిగుసుకున్న ముడి జారినట్టు. భుజాలు దిగాయి. మెడ దిగింది. చెంప పళ్ళెంలో బరువుగా ఒరిగింది. అంకెలు ఎక్కడం మొదలుపెట్టాయి.

"నాలుగు, చుక్క, రెండు" అంది గవ్వ, నోట్లో బిస్కెట్టు ముక్కతోనే. "నాలుగు, చుక్క, మూడు." ఇందాకటి అంకె వచ్చింది. అక్కడ ఆగలేదు. "నాలుగు, చుక్క, ఆరు."

గవ్వ ఆ అంకెని ఎంతసేపు చూసిందో! కూరగాయల కొట్టువాళ్ళు తూకం అయ్యాక పైన ఇంకో గుప్పెడు వేస్తూ అనే మాట ఒకటుంది. అది ఆ పిల్ల ఏ రోజు విని దాచుకుందో ఎవరికి తెలుసు.

"కొసరు" అంది గవ్వ. నోట్లోది మింగింది.

కొరికింది. అంకె చూసింది. మళ్ళీ కొరికింది. బిస్కెట్టు అయిపోయింది. రెండోది తీసింది. నాయనమ్మ "ఓరి దేవుడా, ఇన్నాళ్ళూ మా ప్రాణాలు తి..." అని మొదలుపెట్టి, చటుక్కున తన నోరు తనే మూసుకుంది. మూసుకున్న చేతి వెనకనుంచే నవ్వూ ఏడుపూ కలిసి ఏదో చప్పుడొచ్చింది.

ఇంకా చాలా ఉంది, అతనికి తెలుసు. రేపు డాక్టరు ఏమంటాడో తెలియదు. బంగాళాదుంప దగ్గరికి రావాలి, అరటిపండుని మళ్ళీ నమ్మించాలి, క్యారెట్టు మాట ఇప్పట్లో ఎత్తకూడదు. తింటే అమ్మ తల పెరుగుతుందని కొత్తగా అనుకుంటోందేమో, దాన్ని ఎలా సరిదిద్దాలో మేడంని అడగాలి. అడుగుదాం. తింటున్న పిల్లకి ఎన్నయినా సరిదిద్దవచ్చు.

పళ్ళెంలో తల్లి చెంప చల్లబడింది. మెడ పట్టేసింది. "ఇంక లేవనా?" అంది నీరసంగా. అతను యంత్రం తీద్దామని చెయ్యి చాపాడు.

గవ్వ అతని చెయ్యి పక్కకి నెట్టింది. మూడో బిస్కెట్టు తీసి, తల్లి కళ్ళలోకి వంగి చూసింది.

"దయచేసి లైన్లో ఉండండి" అంది.

"ఉంటానమ్మా" అంది తల్లి, ఉద్యోగంలో అనే గొంతుతోనే, పళ్ళెంలోంచి తల ఎత్తకుండా. "ఎంతసేపైనా ఉంటాను."